మనిషి చోటు

ఈ భూమ్మీద నేను చూడని చోటు లేదు. మంచుకొండలు పదకొండు చూశాను. సముద్రాలను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. రాజుగారి మేడమెట్ల మీద కూర్చుని కాలిగోళ్లు తీసుకున్నాను. జలపాతం కింద తల తడవకుండా మధ్యాహ్నం కునుకు తీశాను. ఇంత తిరిగినా నా చెప్పుల మడమలు వీసమెత్తు అరగలేదు. నమ్మకపోతే చెప్పులు తెచ్చి చూపిస్తాను. మనిషి అబద్ధమాడతాడు గాని చెప్పు ఆడదు.

ఆ చెప్పులే నా కొంప ముంచేలా ఉన్నాయి కాబట్టి నేనే ముందు ఒప్పుకుంటాను. నేను మా ఊరి పొలిమేర దాటింది మొత్తం మీద పది పన్నెండు సార్లు. పైన చెప్పిన కొండలూ సముద్రాలూ గుడ్డ మీదివి. పూర్వం ఫోటో స్టూడియోల్లో మనుషుల వెనక తెరలు వేలాడేవి, గుర్తుందా? వాటిని కుట్టేవాణ్ణి నేను. మూడు బారల గుడ్డను అతుకు కనపడకుండా కలిపి కుట్టి, గంజి పెట్టి, చట్రానికి బిగించి, జిగురు కలిపిన సుద్ద పూసి ఆరబెట్టి ఇస్తే దాని మీద లోకాన్ని గీసేవాడు మా బావ. మా అక్క మొగుడు. ఆయనా ఎక్కడికీ వెళ్లినవాడు కాదు. వాళ్ల గురువుగారి తెర చూసి సముద్రం నేర్చుకున్నాడు. ఆ గురువుగారు ఎవరి తెర చూసి నేర్చుకున్నాడో ఆ పైవాడికే తెలియాలి.

అయినా ఏం చెయ్యి అది! మొదట్లో ఫోటోలు నలుపూ తెలుపే కాబట్టి తెరలన్నీ బూడిద రంగులోనే గీసేవాడు. ఆ బూడిదలోంచే ఎండా తీసేవాడు, నీడా తీసేవాడు. ఒకసారి మేడమెట్లు గీసి తగిలిస్తే, ఫోటోకొచ్చిన లావుపాటి వకీలు ఒకాయన పై మెట్టు మీద నిలబడదామని కాలెత్తి గోడకి మోకాలు గుద్దుకున్నాడు. బావ మీద కేసు పెట్టాడు. విచారణకని తెర చూడవచ్చిన జడ్జీగారు కూడా కాలెత్తారు. దాంతో కేసు కొట్టేశారు.

ఆ పనిలో ఒకే ఒక్క నియమం. తెర మధ్యలో ఏమీ గీయకూడదు. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఖాళీగా, లేత రంగులో వదిలెయ్యాలి. దానికి మేం పెట్టుకున్న పేరు మనిషి చోటు. పని నేర్చుకునే రోజుల్లో బావ తెలియక తెర మధ్యలో గడియార స్తంభం గీశాడట. ఫోటో కడిగి చూస్తే పెళ్లికొడుకు నడినెత్తిలోంచి స్తంభం మొలిచి ఉంది, పైన టైము పదకొండుంబావు. పెళ్లివారు చేసిన గొడవ ఒకెత్తు, గురువుగారు కుంచె కాడతో వేళ్ల కణుపుల మీద కొట్టిన దెబ్బలు ఒకెత్తు. ఆ తరవాత నలభై ఐదేళ్లలో బావ మధ్యలోకి కుంచె పోనివ్వలేదు. అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి వచ్చేవాడు. మనిషి చోటు దగ్గరికి రాగానే, వేడి పాత్ర తగిలినట్టు, చెయ్యి దానంతటదే వెనక్కి పోయేది. సగం గీశాక నన్ను పిలిచి, "పోయి నిలబడరా" అనేవాడు. నేను ఆ చోట్లో నిలబడితే, తను దూరం నుంచి చూసి సరిపోయిందో లేదో చెప్పేవాడు.

తరవాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. మేం తెరలు కట్టే స్టూడియో మూతపడింది. తెరలన్నీ చుట్టచుట్టి అటక మీదికి చేరాయి. నాలుగు కొండల్ని అక్క పరుపుల కింద వేసింది. బావ వెనకగదిలో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒక రోజు కాదు, రెండేళ్లు.

"తమ్ముడూ, మీ బావ నోరు తెరిచి ఎన్నాళ్లయిందో తెలుసా?" అంది అక్క ఒక పొద్దున.

"పెళ్లయినప్పటి నుంచీ మాట్లాడేది నువ్వే కదే అక్కా. ఆయనకి సందెక్కడిచ్చావు?"

"నీ పరాచికాలు తగలెయ్య! తింటున్నాడంటే తింటున్నాడు, అంతే. నిన్న అద్దంలో మొహం చూసుకుని, 'ఎవరు వచ్చారు?' అన్నాడురా."

నేను వెళ్లి ఆ అద్దాన్ని గోడకేసి తిప్పి పెట్టాను.

అలాంటప్పుడు వచ్చింది ఆ గోడ. కొత్తగా కట్టిన పెద్దాసుపత్రిలో, రోగులు తమ వంతు కోసం కూర్చునే హాల్లో ముప్ఫై అడుగుల గోడ. అక్కడి పెద్ద డాక్టరమ్మ చిన్నప్పుడు మా సముద్రం ముందు బొమ్మగుర్రం ఎక్కి ఫోటో దిగిందట. ఆ ఫోటో చూపించి మరీ మమ్మల్ని పిలిపించింది.

"తాతగారూ, ఇక్కడికొచ్చేవాళ్లు మూడు నాలుగు గంటలు కూర్చుంటారు. వాళ్ల కళ్లకి ఏదైనా కావాలి," అంది. "కేలండర్ బొమ్మ మాత్రం వద్దు. మీరు స్వయంగా చూసిన చోటేదైనా గీయండి. మీ కళ్లతో చూసింది."

బావ తల ఊపాడు. మెట్లు దిగి వీధిలోకొచ్చాక ఆగిపోయాడు.

"ఒరేయ్, నేనేం చూశానురా?"

"మా అక్కని చూశావు కదా బావా. అంతకన్నా భయంకరమైన చోటు ఇంకెక్కడుంది?"

నవ్వలేదు. ఇంటికెళ్లి అక్క ముందు కూర్చుని, రెండేళ్ల మాటలూ ఒక్కసారే అన్నాడు. "నాకు మిగిలింది ఇదొక్కటే. ఒక్క చోటు, నా కళ్లతో చూసి, నా చేత్తో గీయాలి. అది చేతకాకపోతే ఇన్నాళ్లూ నేను గీసిందంతా ఎవరిదో అవుతుంది. నాదంటూ ఒక్క జానెడు కూడా ఉండదు."

అక్క అప్పుడే మా ఇద్దరి బట్టలూ సంచిలో సర్దింది.

బస్సులో అయిదు గంటలు. బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తూనే ఉన్నాడు. కండక్టరు రెండుసార్లు లోపలికి తోశాడు. చివరి స్టాపులో దిగి, వలలు ఆరేసిన రెండు పాకల మధ్య నుంచి నడిస్తే సముద్రం వచ్చేసింది. డెబ్బయ్యేళ్లకి దగ్గరపడ్డ మనిషి, జీవితమంతా సముద్రాలు గీసిన మనిషి, మొదటిసారి సముద్రం ముందు నిలబడ్డాడు.  తరవాత కళ్లు చిట్లించి నా వైపు తిరిగాడు.

"పోయి నిలబడరా."

పాత అలవాటే కదా, నేనూ మారుమాట లేకుండా పోయి, సముద్రానికి వీపు పెట్టి, చేతులు రెండు పక్కలా దించి, గడ్డం పైకెత్తి నిలబడ్డాను. వెనకనుంచి అల వచ్చి నడుం దాకా ముంచి, నన్ను ఇసకలో బోర్లా పడేసింది. నలభై ఐదేళ్లు దాని ముందు నిలబడ్డాను, ఒక్కనాడు చెప్పు తడపని సముద్రం! నోట్లో ఇసక ఉమ్ముకుంటూ లేచేసరికి బావ నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని రెండేళ్లయింది కాబట్టి నేను ఇంకోసారి పడ్డాను.

ఎనిమిది రోజులు ఉన్నాం, వలలు బాగుచేసే ఒకాయన మేడ మీద గది తీసుకుని. బావ తెల్లారకముందే వెళ్లి కూర్చునేవాడు. నీళ్లు నీలంగా ఉండవని మొదటి రోజే తెలిసింది. పొద్దున సీసపు రంగు, ఎండెక్కాక గాజుసీసా ఆకుపచ్చ, మేఘం పడితే అంట్లు కడిగిన నీళ్లు. "అంట్లు కడిగిన నీళ్లురా! నేను ఎన్నేళ్లు ఇండిగో తగలేశానో!" అని తొడ చరుచుకున్నాడు. పడవ అడుగున రేకు ముక్కలు అతికిన చోట తుప్పు ఎలా కారుతుందో చూడటానికి ఒక పూట పట్టింది. పీత బొరియలు, తెగిన తాళ్లు, చేపలు ఏరుతున్నావిడ మోచేతికి అంటుకున్న పొలుసులు. ఏది కనపడ్డా పసిపిల్లాడిలా ఆగిపోయేవాడు. పుస్తకం తీసి గీసేవాడు. రెండు పుస్తకాలు నిండాయి.

వలలాయనకి మా సంగతి అంతుపట్టలేదు.

"పెద్దాయనా, పడవ కొంటావా ఏంటి, అలా తడుముతున్నావు?"

"లేదయ్యా, చూస్తున్నాను."

"ఎనిమిది రోజులా? నేను పుట్టినకాడి నుంచీ ఇది ఇక్కడే ఉంది. ఒక్కపూటన్నా చూళ్లేదు."

"నాకు తొందర," అన్నాడు బావ.

తిరిగొచ్చాక ఇరవయ్యారు రోజులు గోడ మీద పనిచేశాం. నేను కింద రంగులు కలిపి ఇస్తుంటే ఆయన పరంజా పలకల మీద నిలబడి గీశాడు. ఎడమ అంచున ఆరేసిన వలలు, వాటి వెనక పాకలు. కుడి అంచున ఒరిగిన పడవ, తుప్పుతో సహా. పైన మబ్బు పట్టిన ఆకాశం, కింద ఇసకలో పీతల నడక. హాలు ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని నిలబడిపోయి, "ఏంటో తాతా, ఇటొస్తే చేపల వాసనొస్తోంది," అని ముక్కు మూసుకుంది. కరెంటు పనివాళ్లు భోజనాలు అక్కడే కూర్చుని తినడం మొదలుపెట్టారు. ఇంట్లో బావ ఒకటే కబుర్లు. పొలుసుల గురించి, తుప్పు గురించి, మబ్బు గురించి.

"ఈయన నోరు మూయించమని ఇప్పుడెవరి కాళ్లు పట్టుకోవాలిరా?" అంది అక్క. అంటూనే ఆయనకి రెండోసారి వడ్డించింది.

ఇరవయ్యారో రోజు మధ్యాహ్నం బావ కుంచెలు కడిగేశాడు. డాక్టరమ్మ, ఇంజనీరు, ఇంకో నలుగురు వచ్చారు.  డాక్టరమ్మ పడవ దగ్గరికి వెళ్లి తుప్పు మీద వేలు పెట్టి, నిజంగా అంటుకుందేమోనని వేలు చూసుకుంది. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అద్భుతంగా ఉంది తాతగారూ," అంది డాక్టరమ్మ. "మధ్యది ఎప్పటికవుతుంది?"

"ఏ మధ్యమ్మా?"

"అదే, ఆ మధ్యలో ఖాళీ."

"అయిపోయిందమ్మా. అది మనిషి చోటు."

"ఏ మనిషి?"

 ఇంజనీరు మెల్లగా అన్నాడు. "ఇక్కడెవరూ నిలబడరు తాతగారూ. గోడకి దూరంగా కుర్చీలొస్తాయి. దీన్ని చూస్తూ కూర్చుంటారు, అంతే."

అప్పుడు తిరిగి చూశాడు బావ. నేనూ చూశాను. ఇంతసేపూ బావ గురించి చెబుతున్నానే, నా సంగతి చెప్పనివ్వండి. ఇరవయ్యారు రోజులు ఆ గోడ కింద నిలబడి రంగులు కలిపాను. నాకూ కనపడలేదు. ముప్ఫై అడుగుల సముద్రం నడిబొడ్డున ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు లేత ఇసక రంగు, కుంచె ఆనవాలు కూడా లేకుండా నున్నగా ఉంది. లోకంలో ఎవడైనా గుమ్మంలో నిలబడి చూస్తే మొదట కనపడేది అదే. మా ఇద్దరికీ తప్ప.

డాక్టరమ్మ మంచిది. వారం రోజుల తరవాత హాలు తెరుస్తారని, ఈలోగా ఆ కాస్తా పూర్తిచేయమని చెప్పి, నొచ్చుకుంటూనే వెళ్లింది.

మొదటి రోజు బావ మధ్యలో ఒక పడవ గీశాడు. దూరంగా వెళ్లి చూసి, "ఇది గురువుగారి పడవ," అని తడిగుడ్డతో తుడిచేశాడు. రెండో రోజు పక్షులు. అవీ గురువుగారివే. మూడో రోజు పుస్తకాలు తెరిచాం, అక్కడ చూసింది ఏదైనా దొరుకుతుందని. పేజీ తరవాత పేజీ తిప్పాం. ప్రతి పేజీలో బొమ్మలన్నీ అంచుల వెంట ఉన్నాయి, మధ్యలో తెల్లకాగితం ఉంది. రెండు పుస్తకాల్లోనూ అంతే.

"పద బావా, మళ్లీ పోదాం," అన్నాను. "ఈసారి మధ్యలోకే చూద్దువుగాని. పొద్దున బస్సెక్కితే..."

"పోయినా నిన్ను నిలబడమంటానురా."

"నేను నిలబడను. గదిలో పడుకుంటాను."

"నువ్వు లేకపోయినా అక్కడ నిన్నే నిలబెట్టుకుని చూస్తాను. ఎనిమిది రోజులూ అలాగే చూశాను. నీ వెనక ఏముందో నాకు తెలియదు." పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అన్నీ కొత్తగా కనపడుతున్నాయని ఎంత మురిసిపోయానురా!"

"అయితే నన్నే గీసెయ్! బోర్లా పడ్డట్టు గీయి. రోగులు నవ్వుకుంటారు."

నేను హాస్యానికన్నది ఆయన పట్టుకున్నాడు. నాలుగో రోజు ఆలోచించి, అయిదో రోజంతా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బొగ్గుతో గోడ మీద తల గీశాడు, భుజాలు గీశాడు. మొహం దగ్గర చెయ్యి ఆగిపోయింది.  ఎంతోసేపు అలాగే ఉండి బొగ్గు కింద పెట్టేశాడు.

"మనిషిని నేనెప్పుడూ గీయలేదురా. మనిషి ఎప్పుడూ తనే వచ్చి నిలబడేవాడు."

ఆరో రోజు పగలు నేను పనికి వెళ్లలేదు. రావద్దన్నాడు.

ఏడో రోజు పొద్దున మేం వెళ్లేసరికి ఇద్దరు పనివాళ్లు పెద్ద అట్టపెట్టె విప్పుతున్నారు. లోపల కరెంటు బోర్డు ఉంది. ఎవరి వంతు వచ్చిందో ఎర్ర అంకెల్లో చూపించేది. ఇంజనీరు దాన్ని గుమ్మం పైన పెట్టమన్నాడట గాని అక్కడికి తీగ అందలేదు. పనివాళ్లలో ఒకడు టేపు పట్టుకుని గోడ మధ్యకి వెళ్లాడు. కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"అరె, తాతగారూ, మీకు బోర్డు కొలతలు ముందే ఇచ్చారా? అటూ ఇటూ వేలు సందు లేకుండా పట్టేసింది!"

 వాళ్లు మర పెట్టి గోడకి నాలుగు తూట్లు వేశారు. ఆ దుమ్ము పడవ మీద, పీతల మీద పడుతుంటే ఆయన నిలబడి చూశాడు.

పది గంటలకి హాలు తెరిచారు. జనం వచ్చి కూర్చున్నారు. బావ ముందు వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. గంట మోగినప్పుడల్లా బోర్డు మీద అంకె మారేది, అందరి తలలూ ఒక్కసారే లేచేవి. చేతిలో చీటీ చూసుకునేవారు, మళ్లీ బోర్డు చూసేవారు. బోర్డుకి ఎడమ పక్కన వలలున్నాయి. కుడి పక్కన ఎనిమిది రోజులు చూసిన పడవ ఉంది. మధ్యాహ్నం దాకా ఒక్క తల కూడా అటో ఇటో జానెడు తిరగలేదు. వాళ్లననడానికి లేదు. నొప్పితో వచ్చిన మనిషి తన అంకె చూసుకుంటాడు గాని పీతల్ని చూస్తాడా?

కాలికి కట్టుతో ఒకాయన వచ్చి బావ ముందు నిలబడ్డాడు.

"మీ నంబరెంత పెద్దాయనా?"

"నాకు నంబరు లేదయ్యా."

"మరి కూర్చున్నారేంటి? కుర్చీలు నంబరున్నవాళ్లకి."

"ఒరేయ్ నాయనా, ఆ సముద్రం..." అని నేను అందుకోబోయాను. బావ నా మోచెయ్యి పట్టుకుని లేచాడు. ఆయన్ని కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆ మనిషి కట్టు కాలు చాచి కూర్చుని బోర్డుకేసి చూశాడు.

దారంతా బావ నా ముందు నడిచాడు. ఇంటికెళ్లి వెనకగదిలో కుర్చీ గోడకేసి తిప్పుకున్నాడు. అక్క ఏమైందంటే ఆయన చెప్పలేదు, ఆవిడ నన్నడిగింది. నేను చెప్పాను. ఆవిడ వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసి, నా ఎరికలో మొదటిసారి, మాట్లాడకుండా నిలబడింది. ఆ తరవాత ఏడాదిన్నర బతికాడు. కుంచెలు అటక మీదికి నేనే ఎక్కించాను. దించమని ఎప్పుడూ అడగలేదు. చివరి నెలల్లో అన్నం పెట్టిన మనిషి అక్క అని కూడా పోల్చుకోలేదు. గోడని మాత్రం చూసేవాడు, దాని మధ్యలోకే.

అక్క ఇప్పుడు మోకాళ్ల నొప్పులకి ఆ ఆసుపత్రికే వెళుతుంది. చీటీ తీసుకుని, వంతు అయిపోయాక కూడా కాసేపు కూర్చుని వస్తుంది. బోర్డు వెనక పడవ ఉందని ఆవిడకి తెలుసు. ఆరో రోజు సాయంత్రం పలకలు తెచ్చుకోవడానికి నేను హాలుకి వెళ్లానని, అప్పటికి బావ వెళ్లిపోయాడని, మనిషి చోటు నట్టనడుమ, గుండె ఎత్తున, బియ్యపుగింజంత పడవ ఒకటి ఉందని, అది గురువుగారి పడవ కాదని, ఒక వైపు కొద్దిగా ఒరిగి, ఎవరూ లేకుండా, ఎటో పోతోందని నేను చెప్పాను. ఆవిడ ఆ పడవ గురించి అందరికీ చెబుతుంది. బోర్డు ఎప్పుడైనా చెడిపోయి విప్పితే తనకి కబురు పెట్టమని హాలు ఊడ్చే ఆవిడతో కూడా చెప్పి ఉంచింది. నేను మాత్రం ఆ బోర్డు నూరేళ్లు చెడిపోకూడదని కనపడ్డ దేవుడికల్లా మొక్కుతున్నాను.

పలకల కోసం వెళ్లిన మాట నిజం. పడవ నేను కల్పించింది. నేను వెళ్లేసరికి అక్కడ తడిగుడ్డ మరకలు ఆరుతున్నాయి, అంతే.